నేను చెప్పిన మాట ఇంకొకరి నోట వస్తేనే వినబడుతోంది

ప్రశ్న: నాకు ముప్పై తొమ్మిదేళ్లు. అమెరికా వచ్చి పదకొండేళ్లయింది. నాలుగేళ్లుగా ఒక మందుల పరిశోధన సంస్థలో గణాంక నిపుణురాలిగా పనిచేస్తున్నాను. నా పేరు పలకలేకపోతున్నారని దాన్ని రెండక్షరాలకు కుదించుకున్నాను. మా విభాగంలో ఇంకొక భారతీయురాలు ఉన్నారు. ఆవిడ నాకంటే పన్నెండేళ్లు పెద్ద, బాగా పొడవు, భాష కూడా వేరు. అయినా నన్ను ఆవిడ పేరుతో, ఆవిడను నా పేరుతో ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నారు. కిందటి నెల ఒక మీటింగులో, చికిత్స మధ్యలో మానేసిన రోగులను లెక్కలోంచి తీసేస్తే మందు నిజంగా పనిచేసినదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుందని చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. పది నిమిషాల తరువాత ఒక తెల్ల సహోద్యోగి అదే మాట అంటే మేనేజరు మెచ్చుకున్నాడు. ఇలాంటివి ఎన్నో జరిగాక నేను మాట్లాడటం మానేశాను. నల్లవాళ్లకు ఏదైనా జరిగితే అడిగేవాళ్లున్నారు, మాకెవరున్నారు అనిపిస్తుంది. మావారు "జీతం వస్తోంది కదా, గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఓపిక పట్టు" అంటారు. మొన్న మా అమ్మాయి టీచరును కలవడానికి బడికి వెళితే, పదకొండేళ్ల ఆ పిల్ల గుమ్మం దగ్గరే "అమ్మా, నువ్వు మాట్లాడకు, నేను చెప్తాను" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇదంతా నా భ్రమా? నా చేతగానితనమా? పోయిన గొంతు మళ్లీ వస్తుందా? నా పేరు ప్రచురించకండి. (ఉత్తరాన్ని కుదించాము.)

సమాధానం: మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి ముందుగా, నాన్చకుండా జవాబు చెబుతాను. ఇది మీ భ్రమ కాదు. ఎవరైనా మిమ్మల్ని ముఖం మీద తిట్టి ఉంటే ఈ ప్రశ్న మీకు వచ్చేదే కాదు. మీకు జరిగినదానిలో తిట్టు లేదు, బెదిరింపు లేదు, పదిమందికి చూపించడానికి ఒక్క మాట కూడా లేదు. ఉన్నదల్లా రావలసిన జవాబు రాకపోవడం, ఆగవలసిన చూపు ఆగకుండా మీ మీదుగా వెళ్లిపోవడం. అందువల్ల గాయపడిన మనిషే ఆ గాయానికి ఫిర్యాదీగా, సాక్షిగా, చివరకు ముద్దాయిగా కూడా తన ముందు తానే నిలబడవలసి వస్తుంది. హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ 1970లో ఇలాంటి వాటికి మైక్రోఅగ్రెషన్లు, అంటే కంటికి ఆనని చిన్నచిన్న దాడులు, అని పేరు పెట్టాడు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ దులిపేసుకోగలిగినట్టే ఉంటుందనీ, మనిషిని కుంగదీసేది వాటి మొత్తమనీ ఆయన వాదన. మీరు నాలుగేళ్ల మొత్తాన్ని మోస్తున్నారు. మీ చుట్టూ ఉన్నవారు మాత్రం ఏ రోజుకారోజు ఒక్కదాన్నే చూసి, ఇంత చిన్నదానికా అనుకుంటున్నారు.

ఇద్దరు భారతీయ స్త్రీలను ఒకరనుకోవడం గురించి మనస్తత్వశాస్త్రం యాభై ఏళ్లకు పైగా పరిశోధిస్తోంది. మనుషులు తమ జాతివారి ముఖాలను గుర్తుపట్టినంత తేలికగా ఇతర జాతులవారి ముఖాలను గుర్తుపట్టలేరని పదేపదే తేలింది. మీ మీటింగుకు ఇంకా దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటుంది. 2010లో అమాండా సెస్కో, మోనికా బియర్నాట్ ప్రచురించిన ప్రయోగాల్లో, పాల్గొన్నవారికి ముందు కొన్ని ఫొటోలు చూపించి తరువాత వాటిని గుర్తుపట్టమంటే, నల్లజాతి స్త్రీల ముఖాలనే అందరికంటే తక్కువగా గుర్తుపట్టారు. ఒక బృందచర్చ వినిపించి ఏ మాట ఎవరన్నారో చెప్పమంటే, నల్లజాతి స్త్రీ అన్న మాటలనే ఎక్కువగా ఇతరుల ఖాతాలో వేశారు. ఆ ప్రయోగం భారతీయ స్త్రీల మీద జరిగింది కాదు కాబట్టి దాన్ని తెచ్చి మీకు యథాతథంగా అంటించను. అయితే మాట వినబడి కూడా మాట్లాడిన మనిషి చెరిగిపోవడం సాధ్యమేననీ, దానికి ఆ మాట నాణ్యతతో సంబంధం లేదనీ అది చూపిస్తోంది. కారణం తెలిసినంత మాత్రాన తప్పు మాసిపోదని కూడా ఇక్కడే చెప్పాలి. కంటికి అలవాటు లేకపోవడం మొదటి వారం జరిగిన పొరపాటుకు సంజాయిషీ అవుతుంది. నాలుగో ఏట కూడా అదే జరుగుతుంటే, తెలుసుకోవలసిన అవసరం తమకు లేదని వారు అనుకుంటున్నారని అర్థం. అలా అనుకోగలగడమే జాతి ఇచ్చే అధికారం.

ఇక చేతగానితనం సంగతి. మొదటిసారి మీ మాట గాలిలో కలిసిపోయినప్పుడు బహుశా మీరు పట్టించుకొని ఉండరు. రెండోసారి, ఇది చెప్పదగినంత ముఖ్యమా అని నోరు తెరవకముందే తూచుకొని ఉంటారు. మూడోసారి వాక్యాన్ని కుదించి, ఆ తరువాత గొంతు తగ్గించి, ఆ తరువాత ఎవరైనా అడిగితేనే చెప్పి, చివరకు అడిగినా ఏమీ లేదని తల ఊపి ఉంటారు. ప్రతి మెట్టు దగ్గరా మీరు చేసింది దెబ్బ తగిలిన చోటును కాపాడుకోవడమే. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. కాకపోతే కొన్నేళ్లకు ఆ కాపుదలే మన స్వభావంలా కనిపించడం మొదలవుతుంది. నేను పుట్టుకతోనే మితభాషినని మనకు మనమే చెప్పుకుంటాం. నేనూ పరాయి దేశంలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడ నేను ఎంత తక్కువ మాట్లాడేదాన్నో తిరిగివచ్చాక నా పాత స్నేహితురాళ్లకు చెబితే నమ్మలేదు. అప్పుడు గాని అది నా స్వభావం కాదని నాకు తెలియలేదు.

పోయిన గొంతు అని మీరు రాశారు. మీ ఉత్తరం ఆరు పేజీలుంది. గణాంకశాస్త్రంతో పరిచయం లేని నాకు, చికిత్స మానేసిన రోగి ఎందుకు ముఖ్యమో నాలుగు వాక్యాల్లో అర్థమయ్యేలా చెప్పారు. మందు పనిచేయకనో, పడకనో మానేసినవారే అందులో ఎక్కువమంది కావచ్చని, వారిని తీసేసి మిగిలినవారిని లెక్కిస్తే ఫలితం అందంగా కనబడటంలో ఆశ్చర్యం లేదని రాశారు. మీరు మాట్లాడటం మానేసిన మీటింగులను కూడా ఒక్కసారి అలాగే లెక్క చూడండి. ఆ గదిలో అంతా సవ్యంగా, ఏకాభిప్రాయంతో నడుస్తున్నట్టే పైకి కనిపిస్తుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఆ గదిలో మీ మౌనానికి ఆ సగం విలువ కూడా లేదు, అది మీకు ఆలోచన లేనట్టుగా నమోదవుతోంది. ఆరు పేజీలు రాసిన మనిషికి గొంతు పోలేదు. విననిచోట ఖర్చు చేయడం దండగని ఆమె దాన్ని లోపల దాచుకుంది. అందుకే మీ మూడో ప్రశ్నకు నా జవాబు, దాన్ని ఎక్కడ, ఎవరి ముందు, ఏ క్రమంలో బయటికి తీయాలన్నదాని మీదే ఆధారపడి ఉంది.

ఆ వివరాల్లోకి వెళ్లేముందు మీ ఉత్తరంలోని ఒక వాక్యం దగ్గర ఆగక తప్పదు. నల్లవాళ్లకు అడిగేవాళ్లున్నారు, మాకెవరున్నారు అన్నారు. ఈ మాట నొప్పిలోంచి వచ్చిందని నాకు తెలుసు. అయినా అది నిజం కాదు, పైగా మీకు దగ్గర కాగలిగినవారిని దూరం చేస్తుంది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, మొదటి ప్రపంచయుద్ధంలో ఆ దేశ సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు పౌరసత్వం ఇవ్వవచ్చా అన్న కేసులో, సామాన్యుడి దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు గనుక కుదరదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరువాత అప్పటికే పౌరులైన భారతీయులు కొందరి పౌరసత్వాన్ని కూడా రద్దు చేశారు. 1920లో చదువుకోసం వచ్చి బర్కిలీలో గణితంలో డాక్టరేటు తీసుకున్న, మీలాగే లెక్కల మనిషి అయిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియాలో వ్యవసాయం చేసుకుంటూ దశాబ్దాలు గడిపాడు. భారతీయులకు పౌరసత్వం కోసం తోటివారితో కలిసి పోరాడాడు. 1946లో చట్టం మారింది. 1949లో ఆయన పౌరుడయ్యాడు, 1956లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. ఆసియా సంతతివారిలో ఓటుహక్కుగల సభ్యుడిగా అక్కడికి వెళ్లిన మొదటివాడు ఆయనే. మీకు ముందు అడిగినవారు ఉన్నారు.

ఈ రోజు మీ ఉద్యోగానికి రక్షణగా ఉన్న 1964 పౌరహక్కుల చట్టం మాత్రం ప్రధానంగా నల్లజాతివారు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించింది. జాతీయ మూలాన్నిబట్టి పెట్టిన కోటాలను ఎత్తివేసి మనలాంటి వారికి తలుపు తీసిన 1965 వలస చట్టం కూడా అదే ఉద్యమం ఎత్తిన అలలో వచ్చింది. ఆ ఉద్యమం లోపలే స్త్రీలు కనబడకుండా పోయిన సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఏర్పాట్లు చేసిన పెద్దల్లో, నల్లజాతి స్త్రీల జాతీయ సంఘానికి అధ్యక్షురాలైన డొరతీ హైట్ ఒకరు. ఆమె వేదిక మీదే ఉంది. ప్రధాన వక్తల జాబితాలో మాత్రం ఆమె పేరే కాదు, ఏ స్త్రీ పేరూ లేదు. మరునాడే ఆమె స్త్రీలను పిలిచి, ఇకముందు మన సంగతేమిటని సమావేశం పెట్టింది. మీ కార్యాలయంలో నల్లజాతి సహోద్యోగినులు ఎవరైనా ఉంటే, వారిని పోటీగా చూడకండి. మీరు నాలుగేళ్లుగా ఒంటరిగా చదువుతున్న పాఠాన్ని వారు తరాలుగా చదివారు. వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడండి.

మొదలుపెట్టవలసింది మీ పేరుతో అని నా అభిప్రాయం. పేరు కుదించుకున్నందుకు మిమ్మల్ని తప్పుపట్టను. బోస్టన్, షికాగో నగరాల్లో దాదాపు 5,000 దరఖాస్తులు పంపి చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం 2004లో అచ్చయింది. అవే అర్హతలున్నా, తెల్లవారి పేర్లనిపించే దరఖాస్తులకు నల్లవారి పేర్లనిపించే వాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. పేరు దగ్గర జాగ్రత్తపడేవారిని పిరికివారనడం అన్యాయం. అయినా ఆ ఉద్యోగం ఇప్పుడు మీ చేతిలో ఉంది. మీ పూర్తి పేరును మెయిళ్ల కింద, నివేదికల మీద, తెర మీద వేసే మొదటి పేజీలో మళ్లీ పెట్టండి. ఇంకొకరి పేరుతో పిలిచినప్పుడు నవ్వి ఊరుకోవద్దు, కోపగించుకోనూ వద్దు. "నేను ఆవిడను కాను" అని, మీ పేరు చెప్పి, వెంటనే పనిలోకి వెళ్లిపోండి. ప్రతిసారీ అంతే పొడవు, అదే స్వరం. మీటింగులో పెద్ద వాదనకు దిగడానికి ముందు, ఓడిపోయే భయం లేని ఇంత చిన్నచోట అభ్యాసం కావాలి.

రెండో పని మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, అందుకే నాకు దాని మీద ఎక్కువ నమ్మకం. ఆ రెండో భారతీయురాలి గురించి మీరు రెండు మూడు వాక్యాలే రాశారు. ఆవిడకూ నాలుగేళ్లుగా ఇదే జరుగుతోంది కదా, మీరిద్దరూ ఎప్పుడైనా దీని గురించి మాట్లాడుకున్నారా? ఒకరితో ఒకరిని పోల్చి చూస్తారనే భయంతో, ఇలాంటి ఇద్దరు స్త్రీలు భోజనం దగ్గర కూడా దూరదూరంగా కూర్చోవడం నేను చూశాను. ఒబామా అధ్యక్షుడిగా ఉన్న తొలి ఏళ్లలో, పురుషులే ఎక్కువగా ఉన్న ఆయన కార్యాలయంలో మహిళా సిబ్బంది తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక స్త్రీ ముఖ్యమైన మాట చెప్పగానే మరొకరు ఆమె పేరు చెప్పి మరీ ఆ మాటను తిరిగి అనేవారు. అప్పుడు ఆ మాటను వినలేదనడానికి గాని, ఇంకొకరు తమదనడానికి గాని వీలుండదు. మీరిద్దరూ ఇది రేపే మొదలుపెట్టవచ్చు. ఇంకా చెప్పాలంటే, మీరే ముందు ఆవిడ మాటను ఎత్తిపట్టండి. మన గురించి మనం చెప్పుకోవాలంటే గొంతు పట్టేసే చాలామందికి, పక్కవారికి అన్యాయం జరిగినప్పుడు మాట ధారాళంగా వస్తుంది. ఎవరి కోసమైనా సరే, ఆ గదిలో ముందు మీ గొంతు మోగాలి.

మీ మాటను వేరొకరు అన్నప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. అప్పటికప్పుడు ఒక వాక్యం చాలు: "అవును, నేను పది నిమిషాల క్రితం చెప్పింది ఇదే, దానికి ఇంకొక వివరం కలుపుతాను." అందులో నింద లేదు, మాట ఎవరిదో మాత్రం తేలిపోతుంది. వివరం కలపడం ముఖ్యం, ఎందుకంటే చర్చ మళ్లీ మీ చేతికి వస్తుంది. మీటింగుకు ముందురోజే మీ అభ్యంతరాన్ని రెండు పంక్తుల్లో మెయిల్ చేయండి. వీలైతే మొదటి ఐదు నిమిషాల్లోనే మాట్లాడండి, ఆలస్యమయ్యేకొద్దీ నోరు బరువెక్కుతుంది. మీ యాస గురించి దిగులు పడ్డారు. నెమ్మదిగా, వాక్యం చివరిదాకా గొంతు దించకుండా చెప్పడం వేరు, మీది కాని యాసను అరువు తెచ్చుకోవడం వేరు. మొదటిది చేయండి, రెండోదాని జోలికి వెళ్లకండి.

ఒకటి రెండు నెలలు ఇలా చేశాక కూడా మార్పు లేకపోతే మేనేజరుతో ఏకాంతంగా మాట్లాడండి. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదంటే ఆయన ఓదార్చి పంపించేస్తాడు. ఫలానా తేదీన, ఫలానా అంశం మీద నేనిది చెప్పాను, తరువాత ఇలా జరిగింది అని మూడు సందర్భాలు ముందుంచితే ఆయన జవాబు చెప్పవలసి ఉంటుంది. అందుకోసం ఇప్పటినుంచే తేదీలతో రాసి పెట్టుకోండి. ఆఫీసు కంప్యూటరులో కాకుండా మీ సొంత పుస్తకంలో, రోగుల వివరాలు గాని సంస్థ రహస్యాలు గాని లేకుండా రాయండి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 1964 చట్టం కింద, పదిహేను మంది అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపకూడదు. వీసా మీద పనిచేసేవారికీ అది వర్తిస్తుంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా నేరుగా చట్టవిరుద్ధమే. సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన 180 రోజుల్లోగా చేరాలి. ఇలాంటి చట్టాన్ని అమలుచేసే సొంత సంస్థ ఉన్న రాష్ట్రాల్లో ఆ గడువు 300 రోజులు. మాట పట్టించుకోకపోవడం ఒక్కటే అక్కడ నిలబడటం కష్టం. దానివల్ల ప్రమోషన్ పోయిందనో, జీతం తగ్గిందనో చూపగలిగినప్పుడు ముందుగా ఉద్యోగచట్టాలు తెలిసిన న్యాయవాదిని కలవండి.

మీవారి మాటను కొట్టిపారేయను. హెచ్‌-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ భయం ఇంటిల్లిపాదిదీ. అయితే ఓపిక పట్టమనడానికి ముందు ఆయన చేయవలసిన పని ఒకటుంది, జరిగిందంతా మధ్యలో సలహా ఇవ్వకుండా వినడం. ఆఫీసులో వినబడని మాట ఇంట్లో కూడా వినబడకపోతే మనిషి ఎక్కడికి పోవాలి? ఈ పేజీ ఆయనకు చూపించండి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా మీటింగులో తలపడకూడదని మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకున్నా నేను తప్పుపట్టను. కూడబలుక్కుని ఆగడం వేరు, కుంగిపోయి ఆగడం వేరు.

చివరగా మీ అమ్మాయి. ఉత్తరం మొత్తం మీద నన్ను కూడా నిద్రపోనివ్వనిది ఆ వాక్యమే. ఆ పిల్లకు మీరంటే సిగ్గని మీరు తీర్మానించుకున్నారు. కొంత సిగ్గు ఉండవచ్చు, పదకొండేళ్ల వయసులో తోటివారి చూపు చాలా బరువు. కాని నాకు అందులో ఇంకొకటి వినబడింది. కౌంటర్ల దగ్గర, ఫోనులో, బడిలో మిమ్మల్ని రెండేసిసార్లు ఏమన్నారని అడిగినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో ఆ పిల్ల ఇన్నేళ్లుగా చూస్తోంది. అది ఇంకొకసారి చూడలేక ముందుకొచ్చి నిలబడింది. తల్లిని కాపాడటానికి ఆ పిల్లకు తట్టిన ఉపాయం తల్లిని మాట్లాడనివ్వకపోవడం. మీరు ఆఫీసులో మిమ్మల్ని కాపాడుకుంటున్నదీ ఇలాగే కదా.

కోప్పడకుండా, కన్నీళ్లు పెట్టకుండా ఒకరోజు ఆ పిల్లతో మాట్లాడండి. ఆ రోజు నాకు బాధ కలిగిందని చెప్పండి. మన యాస విని కొందరు తొందరగా చూపు తిప్పుకుంటారని, అది నువ్వు సరిచేయవలసిన తప్పు కాదని, నాకు దుబాసీగా ఉండటం నీ పని కాదని చెప్పండి. బడిలో తన పేరును ఎవరైనా తప్పుగా పలుకుతున్నారేమో, దానికి తనేం చేస్తోందో అడగండి. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. జవాబు వెంటనే రాకపోతే ఒత్తిడి చేయవద్దు.

బడిలో తరువాతి సమావేశానికి ముందురాత్రి, టీచరును అడగవలసిన మూడు ప్రశ్నలు తెలుగులో రాసుకుని, వాటిని ఇంగ్లీషులో ఒకసారి పైకి చదవండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి ప్రశ్న మీరే వేయండి. టీచరు అలవాటుకొద్దీ పిల్ల వైపు తిరిగి జవాబు చెప్పబోతే, ప్రశ్న అడిగింది నేనని చెప్పి, ఆమె మీ వైపు తిరిగేదాకా ఆగండి.